డేరా బయట సినిమా

“ఎల్లుండి లారీ వస్తది. మేస్త్రి పేర్లు అడుగుతాండు. మన పేర్లు చెప్పాల్నా, వద్దా?” అన్నాడు దశరథం, గుడిసె ముందు పార కడుగుతూ.

గుర్వమ్మ పొయ్యి మీద జొన్నగటక కలుపుతోంది. తల ఎత్తలేదు.

“నువ్వు పో. నేను ఊరికి పోత.”

“నేనొక్కన్ని పోతే రాసుకుంటడా? ఆయనకు జత గావాలె.”

అది నిజమే. మేస్త్రి కాటమయ్య ఒంటి మనిషిని పనిలోకి తీసుకోడు. మగవాడు తవ్వాలి, ఆడమనిషి తట్ట మోయాలి. మూడేళ్ళ కింద కోస్గిలో లారీ ఎక్కించేటప్పుడు ‘దశరథం, పెండ్లాం గుర్వమ్మ, పిల్లలు ఇద్దరు’ అని రాసుకున్నాడు. అప్పటినుంచి నల్లగొండ జిల్లాలో ఈ కాలువ మీదే ఉన్నారు. ఇక్కడి పని నిన్నటితో అయిపోయింది. కొత్త పని ఒరిస్సాలో.

“ఈడ మూడేండ్లుంటేనే పిలగాడు అరవం మాట్లాడుతాండు,” అంది గుర్వమ్మ. “గంత దూరం పోతే ఇంకేం మాట్లాడుతడో.”

పక్క గుడిసెల్లో అరవవాళ్ళు ఉంటారు. వాళ్ళ పిల్లలతో గోలీలాడుతున్న గుర్వమ్మ కొడుకు భీమయ్య ‘ఒణ్ణు, రెండు, మూణు’ అని లెక్కపెడుతున్నాడు.

ఎదురు గుడిసె నర్సింగమ్మ చేటతో బయటికి వచ్చింది.

“ఏందే, ఇద్దరు ముఖాలు గట్ల పెట్టుకున్నరు? డేరా సినిమా ఇయ్యాల్నే ఆఖరంట. పోయి రాండ్రి. పిల్లలను నేను జూస్త.”

“గిప్పుడా?” అంది గుర్వమ్మ.

“ఇంకెప్పుడు? మూడేండ్ల సంది చూస్తున్న, మీరిద్దరు కలిసి ఏడికన్న పోంగ చూడలే. నీ మొగడేమో వాన పడ్డా గోనెపట్ట కప్పుకొని బయటనే పంటడు. ఒక్కనాడన్న నిన్ను ‘ఏమే’ అని పిలవలే.” నర్సింగమ్మ దశరథం వైపు తిరిగింది. “ఈమె నీకు పెండ్లామా, పటేలు బిడ్డనా?”

దశరథం నవ్వి పార గోడకు ఆనించాడు. గుర్వమ్మ గటక దించింది.

“పోదామా?” అన్నాడు.

“పోదాం తియ్యి,” అంది. అంత తొందరగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు.

బయలుదేరుతుంటే కిష్టమ్మ అడ్డం వచ్చింది. ఐదేళ్ళ పిల్ల, భీమయ్య చెల్లెలు. దశరథం దగ్గర దానికి అంతగా చేరిక లేదు. అట్లాంటిది వచ్చి అతని ధోవతి పట్టుకుంది.

“నాయినా, నేను గూడొస్త.”

దశరథం వంగి పిల్ల చేయి పట్టుకున్నాడు. “నీకు పల్లీలు తెస్త బిడ్డా,” అన్నాడు. గుర్వమ్మ కొంగు సర్దుకొని ముందు నడిచింది.

డేరా ముందు ఇక్బాల్ బీ గాజుల మలారం పెట్టుకొని కూర్చుంది.

“రా బిడ్డా, చేయి ఇట్ల తే.”

గుర్వమ్మ దశరథాన్ని చూసింది. “తొడిగించుకో,” అన్నాడు అతను.

ఇక్బాల్ బీ చేయి నొక్కుతూ, ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తూ, కిందికి చూసింది.

“మొగనితోని సినిమాకొచ్చినవ్. కాళ్ళకు మెట్టెలేవి?”

“మట్టిపనికి వేళ్ళు వాస్తయి. తీసిపెట్టిన.”

“పెట్టెల పెట్టుకుంటే ఎవలకు కనవడాలె?”

గుర్వమ్మ రెండో చేయి చాపింది.

టికెట్ల దగ్గర రెండు వరసలున్నాయి. లోపల మధ్యకు తడక కట్టి, ఒక పక్క ఆడవాళ్ళను, ఒక పక్క మగవాళ్ళను కూర్చోబెడుతున్నారు. దశరథం వరసలో నిలబడి, మళ్ళీ బయటికి వచ్చాడు.

“లోపలికి పోతే నువ్వా దిక్కు, నేనీ దిక్కు. ఎల్లుండి సంది ఎట్లయిన గంతేనాయె. ఈడనే కూసుందాం.”

“మరి సినిమా?”

“వినవడ్తది.”

పల్లీల పొట్లం కొనుక్కొని డేరా వెనక రాళ్ళ కుప్ప మీద కూర్చున్నారు. పిల్లలకని సగం పల్లీలు గుర్వమ్మ కొంగున కట్టింది. లోపల ఎవరో ఏడుపు అందుకున్నారు.

“అత్తనా, కోడలా?” అన్నాడు దశరథం.

“అత్తనే. కోడలైతే గంత గట్టిగ ఏడ్వనిస్తరా?”

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తర్వాత అన్నది:

“పేర్లు చెప్పాల్నా వద్దా అంటవు. రమ్మని ఒక్కపాలన్న అడిగినవా?”

దశరథం పల్లికాయ ఒలిచి, తినకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.

“నాకు మాటలు రావు గుర్వమ్మా. పార ఎత్తంగనే నీ తట్ట ఏ దిక్కున్నదో చూడకుంటనే ఎరుకైతది. ఇంకొకల తట్టల మట్టి పొయ్యబుద్ధి గాదు.”

ఆమె అతని చేతిలోని పల్లి తీసుకొని తిన్నది. డేరాలో సన్నాయి మొదలైంది. డోలు కూడా కలిసింది.

“పెండ్లయితున్నట్టున్నది,” అన్నాడు.

“గింత జల్దినా? గిప్పుడేగా ఏడ్చింది.”

“సినిమాయె గదా.”

సన్నాయి ఆగేదాకా ఇద్దరూ విన్నారు.

“ఇయ్యాల పిల్ల నాయినా అన్నది. ఇన్నవా?” అంది గుర్వమ్మ.

“ఇన్న.”

“మేస్త్రి ముందల నేను చెప్తెనే అనేది. ఇయ్యాల ఎవలు చెప్పకుంటనే అన్నది.”

దశరథం ఆమె ముఖం చూశాడు.

“అయితే రేపు మేస్త్రికి మన పేర్లు చెప్పాల్నా?”

“చెప్పు,” అంది గుర్వమ్మ, కొత్త గాజులు మణికట్టు మీదికి జరుపుకుంటూ. దశరథం లేవబోయాడు. ఆమె అతని చేయి పట్టి ఆపింది.

“లారీ ఎక్కే ముందల నిజంగనే పెండ్లి చేసుకుందాం.”