ఒరిగిన గోడలు

సూర్యాపేటలో రామచంద్రయ్య వడ్ల దుకాణం ఎదుట సత్రం ఉంది. ఆయన నాయనమ్మ కట్టించింది.

డెబ్బై రెండులో దాని మీద నోటీసు వచ్చింది. గోడలు ఒరిగాయట, సోమవారం నల్లగొండలో విచారణ జరిపి కూల్చేస్తారట.

అప్పటి నుంచి రామచంద్రయ్యకు అన్నం సహించడం లేదు.

శనివారం పొద్దున ఒకతను మెడలో కెమెరాతో దుకాణం మెట్లెక్కాడు.

"కోదాడలో నాకు ఫొటో స్టూడియో ఉందండి. మీ డాబా మీంచి సత్రాన్ని ఒక్క ఫొటో తీసుకుంటాను."

"ఎందుకు?"

"మొన్న కిందనుంచి తీశానండి. వీధి ఇరుకు కదా, మొత్తం పట్టాలని వెడల్పు లెన్సు పెట్టి, కెమెరా పైకెత్తాను. సరిగ్గా రాలేదు."

అతనిచ్చిన ఫొటో చూసి రామచంద్రయ్యకు ఒళ్ళు మండింది. సత్రం గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉన్నాయి. నోటీసులో రాసిందే ఫొటోలో ఉంది.

"మా గోడలు ఒరిగినట్టు సూపెడ్తున్నవా? ఎవడు పంపిండు నిన్ను?"

"ఎవరూ పంపలేదండి. ఆ వంపు లెన్సుది, గోడది కాదు. ఎత్తు మీంచి సమంగా పెట్టి తీస్తే..."

"ఇంకోటి గూడ గావాల్నా? వానల పురిటి నొప్పులొచ్చి రోడ్డు మీద పడ్డ కూలి నర్సమ్మకు మా నాయనమ్మ గాడనే పురుడు పోసింది. గసోంటి సత్రం అది. నీకేం ఎరుక?"

అతను ఏదో చెప్పబోయాడు. రామచంద్రయ్య చెప్పనిస్తేనా? కెమెరా లాక్కుని, మూత తెరిచి, రీలంతా ఎండలోకి గుంజాడు. ఫొటోను గల్లాపెట్టె అడుక్కి తోశాడు.

అతను పాడైన రీలు చుట్టుకున్నాడు.

"సోమవారం లోపల మనసు మారితే కబురు చేయండి," అని మెట్లు దిగాడు.

విచారణలో రామచంద్రయ్య గోడలు నిటారుగానే ఉన్నాయని మొత్తుకున్నాడు.

"నోటిమాట చాలదు. ఎత్తు నుంచి తీసిన ఫొటో ఏమన్నా ఉన్నదా?" అని అధికారులు అడిగారు.

రామచంద్రయ్యకు తన డాబా, తన చేతులు, ఎండలో గుంజిన రీలు గుర్తొచ్చాయి. తప్పు చేశాను అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

నెల తిరగకుండా సత్రం నేలమట్టమైంది.

"మా అత్త కట్టించింది. సూసుకుందామంటె పటమన్న లేదా కొడుకా?" అని తల్లి రుక్మిణమ్మ కళ్ళు తుడుచుకుంది.

రామచంద్రయ్య తలవంచుకుని గల్లాపెట్టె అడుగు నుంచి ఆ ఫొటో తీశాడు. మొదటిసారి వెనక్కి తిప్పాడు.

సిరాతో రాసి ఉంది: "సత్రం కూల్చవద్దని పెట్టుకున్న అర్జీకి జత. అర్జీదారు మట్టయ్య, తల్లి కూలి నర్సమ్మ, పుట్టిన చోటు ఈ సత్రమే."