దూప

మంజీర ఒడ్డున ఇప్పుడు ప్రతి ద్రాక్షతోటకూ నోరుంది. తీగ మొదట్లో గుచ్చిన పుల్ల వేరు బాధ కనిపెడితే, వసారాలో వేలాడే డబ్బా దాన్ని మనిషి గొంతుతో చెబుతుంది. ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతు పెట్టుకోవచ్చు. దుర్గయ్య ముద్దుకొద్దీ అయిదేళ్ల కూతురు అక్షిత గొంతు పెట్టాడు.

"అమ్మా, దూపైతుంది" అని నీళ్లడుగుతోంది డబ్బా, పొద్దుటినుంచి.

జొన్నరొట్టె చేస్తున్న వనజ చెయ్యి ఆపి మోటారు స్విచ్చి వైపు చూసింది. మామ కాలంలో తోటంతా తినే అనాబ్ షాహీ ద్రాక్ష ఉండేది, కోతదాకా నీళ్లు పారేవి. ఇది వైన్ కోసం వేసిన నల్ల ద్రాక్ష. కోతకు ముందు తీగ దప్పికతో అల్లాడితేనే కాయలో రసం చిక్కబడుతుంది. నిరుడు మనసాగక వనజ మోటారు వేసింది. కాయలు ఉబ్బి పగిలాయి. ఫ్యాక్టరీవాళ్లు పంటంతా వద్దు పొమ్మన్నారు.

"జర ఆ గొంతన్న మార్చరాదు? నా పాణం గుంజుతుంది" అంది మొగుడితో.

"అలవాటైతది తియ్యి. ఊరందరికీ కాలేదా?" అన్నాడు దుర్గయ్య.

నిజంగానే అలవాటైంది. వారం తిరిగేసరికి ఆ పిలుపు పెనం చప్పుడులో కలిసిపోయింది.

"అమ్మా, దూపైతుంది."

వనజ రొట్టె తిప్పింది.

"అమ్మా, దూపైతుందే."

ఇంకో పిండిముద్ద తీసుకుంది. కొంగు పట్టి ఎవరో లాగితే అప్పుడు తిరిగి చూసింది. ఎండకు కందిన మొహంతో, ఎండిన పెదాలతో అక్షిత నిలబడి ఉంది.

"డబ్బ గాదమ్మా, నేనే."