పాలపళ్ళు ఊడకముందే

నాలుగేళ్ళైనా నిండని పిల్లకు తెలివితేటల పరీక్ష ఏమిటని అక్క గొణుగుతూనే ఉంది. తమ్ముడు వినిపించుకోలేదు.

పిల్ల అతని కూతురు. ఇంట్లో అందరికీ గువ్వ. తల్లి పోయినప్పటి నుంచీ ఈ మేనత్తే సాకుతోంది. తమ్ముడికి తన కళ్ళజోళ్ళ కొట్టే లోకం. పిల్లను ఎత్తుకోవడమే అరుదు.

అంతా కుళాయి బాగుచేసే మనిషితో మొదలైంది. అతను వంటింట్లోకి రాగానే గువ్వ, నీ మీసం ఏదని అడిగింది. పోయినసారి పానా ఇక్కడే మరిచిపోయి మళ్ళీ వచ్చావు కదా అంది. పోయినసారి అతనొచ్చేనాటికి దానికి మాటలే సరిగా రావు. అతను నోరు వెళ్ళబెట్టాడు.

"పొద్దున ఏం తిన్నానో సాయంత్రానికి నాకే గుర్తుండి చావదు. ఇదేం బుర్రే తల్లీ" అని అక్క మురిసిపోయింది. తమ్ముడు తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడే పరీక్ష సంగతి ఎత్తాడు. పిల్లల బుర్రను అన్నివైపుల నుంచీ కొలిచే చోటు ఒకటి ఉందట. అక్కడ నెగ్గిన వాళ్ళను ఎక్కడో దూరాన ఉన్న బడిలో చేర్చుకుంటారట. సెలవులకే ఇల్లు.

అక్క గుండెల్లో రాయి పడింది. పిల్ల పక్కన లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

"పాలపళ్ళు ఊడనీరా. అప్పుడు చూద్దాం."

"అప్పటికి ఆలస్యమైపోతుందక్కా."

పరీక్షలు చేసే ఆవిడ కూడా తొందరొద్దనే చెప్పింది. ఈ వయసులో వచ్చే మార్కులు నిలవవు, ఆరేళ్ళు దాటాక రమ్మంది. పసితనంలో చూసినవి అప్పటికి చాలామటుకు చెరిగిపోతాయి, జ్ఞాపకశక్తి చూసి ఆశలు పెంచుకోవద్దంది.

"అందరికీ చెరిగిపోతాయా?" అన్నాడు తమ్ముడు.

దాదాపు అందరికీనట. ఎవరో ఒకరిద్దరికి మాత్రం పోవట.

ఆ వారంలోనే పరీక్షకు రోజు కుదుర్చుకున్నాడు. ఇన్నాళ్ళకైనా తండ్రి ప్రేమ పొంగింది, అడ్డుపడటానికి నేనెవర్ని అనుకుంది అక్క. అయినా ఆ పొద్దున పిల్లకు జడ వేస్తూ, ఆవిడ ఏమడిగినా తెలీదని చెప్పమని చెవిలో ఊదింది. గువ్వ బుద్ధిగా తలూపింది.

పిల్లను ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు. పెద్దవాళ్ళు ఎదురుగా ఉంటే పిల్లలు వాళ్ళ మొహం చూసి జవాబు చెబుతారట. లోపల చెక్కముక్కలు కదుపుతున్న చప్పుడు. కాసేపటికి అదీ ఆగింది. గువ్వ గొంతు ఒక్కటే, సన్నగా, ఆగకుండా వినిపిస్తోంది.

అక్క బల్ల మీద కూర్చుని పిల్ల తప్పాలని మొక్కుకుంటోంది. తమ్ముడు కూర్చోలేదు. తలుపుకు చెవి ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

చివరికి తలుపు తెరుచుకుంది. గువ్వ పరుగున వచ్చి అత్త ఒళ్ళో తల పెట్టుకుంది.

ముక్కలు పేర్చడం, లెక్కలు అందరు పిల్లల్లాగే ఉన్నాయని చెప్పింది ఆవిడ. ఆ బడికి ఇవి చాలవు, తీసుకోరు.

అక్క ప్రాణం లేచి వచ్చింది. పిల్లను గట్టిగా హత్తుకుంది.

"కానీ జ్ఞాపకం మాత్రం నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు" అంది ఆవిడ.

"ఎంత వెనక్కి?" అన్నాడు తమ్ముడు.

ఆవిడ జాలిగా పిల్ల తల నిమిరి తమ్ముడి వైపు చూసింది. "ఉయ్యాల్లో ఉన్నప్పటివి కూడా చెబుతోందండీ. పాపం, వాళ్ళమ్మ డాబా మీంచి పడిపోయిన పొద్దున కూడా గుర్తుంది. మీరు చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగి వచ్చారట."

ఆ పొద్దున, ముందురోజే పొరుగూరికని బయల్దేరిన తమ్ముడికి ఫోను చేసి, నీ భార్య డాబా మీంచి పడిపోయిందిరా అని ఏడుస్తూ కబురు చెప్పింది అక్కే.