పేటెంటు చెట్లు

“రెండు గీతలు వచ్చాయి అమ్మమ్మా. ఈ చెట్లు మావే” అన్నాడు థావిన్, చిన్న గాజు గొట్టాన్ని ఆమె కళ్ల ముందు పెట్టి.

గొట్టంలో నలిపిన బొప్పాయి ఆకు రసం, అందులో ముంచిన పరీక్ష కాగితపు ముక్క. ఖంపూన్ దాన్ని చూడలేదు. అతని వెనక కత్తులతో నిలబడ్డ ఇద్దరు కూలీలను చూసింది.

“పాతింది నేను, నీళ్లు పోసింది నేను. మీవెలా అయ్యాయి నాయనా?”

“తెగులు సోకకుండా బొప్పాయి జన్యువును మార్చే పద్ధతికి మా సంస్థకు పేటెంటు ఉంది. కనిపెట్టింది నేనే. పదకొండేళ్లు పట్టింది.”

“పద్ధతా? పండు తిన్నాను, గింజలు ఎండబెట్టాను, బూడిద కలిపి పాతాను. దీనికి పదకొండేళ్లెందుకయ్యా?”

కూలీల్లో ఒకడు నవ్వాపుకోలేక దగ్గాడు.

తెల్లవారింది గాని మంచు విడలేదు. ఊళ్లో బొప్పాయి తోటలన్నీ తెగులుకు పసుపెక్కి కూలిపోయాయి. ఆమె పెంచిన ఏడు చెట్లు మాత్రం, ఎవరో కలగంటూ మధ్యలో మరిచిపోయినట్టు, తెల్లటి మంచులో ఆకుపచ్చగా తేలుతున్నాయి. వీటి పచ్చికాయలు తురిమి, మిరపకాయలతో దంచి, బడి ముందు అమ్ముకుంటేనే ఖంపూన్ పొయ్యి వెలుగుతుంది.

“ఇవి నరికేస్తే రోట్లో ఏం వేసి దంచుకోను? నా తలా?”

థావిన్ ఆమె ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

“గింజలు ఎక్కడివో చెప్పండి. మా తోటలోంచి పండు బయటికి తెచ్చిన దొంగ ఎవరో నాకు కావాలి. ఎంతటివాళ్లయినా జైల్లో పెట్టిస్తాను. మీ చెట్ల జోలికి మాత్రం రాను. మాటిస్తున్నాను.”

“దొంగెవరయ్యా? విహారంలో ఇచ్చారు. భిక్షువులు తినగా మిగిలింది మాకు పంచుతారు కదా. నా వంతుకు సగం పండు వచ్చింది.”

“విహారానికి ఎవరిచ్చారు?”

“దానం చేసినవాళ్ల పేర్లు ఎవరైనా అడుగుతారా? ఎక్కడ పెరిగావు నువ్వు?”

అంతలో మంచులోంచి కాషాయం రంగు కదిలింది. ఊరంతా లువాంగ్ పో అని పిలుచుకునే పెద్ద భిక్షువు చెప్పులు లేని కాళ్లతో భిక్షకు వస్తున్నారు. ఖంపూన్ మోకరిల్లి జిగురన్నం ముద్ద ఆయన పాత్రలో వేసింది. కూలీలు కత్తులు కింద పెట్టారు. థావిన్ కూడా, తనకు తెలియకుండానే, బూట్లు విప్పి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ అలవాటు అతని పేటెంటుకన్నా చాలా పాతది.

దీవెన ముగిసేదాకా ఆగి అడిగాడు.

“లువాంగ్ పో, నిరుడు విహారానికి బొప్పాయి పండు ఎవరు తెచ్చారు?”

భిక్షువు కళ్లు మూసుకున్నారు. ఆకుల మీది మంచు చుక్కలు టప్పుటప్పున రాలుతున్నాయి.

“మా వానాకాలపు దీక్ష, వర్షావాసం మొదలైన రోజు. ఒకే ఒక్క పండు, పట్టుగుడ్డలో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చింది. పెద్దావిడ. పట్నం నుంచి బస్సులో వచ్చానంది.”

థావిన్ గబగబా కాగితం తీశాడు. “ఆమె పేరు?”

“ఆమె పేరు అడగలేదు నాయనా. పుణ్యం ఎవరికి చెందాలో మాత్రం అడిగాను.”

“ఎవరికి చెందాలంది?” కలం మూత తీశాడు.

“కొడుక్కి. ‘వాడు కనిపెట్టిన పండు, నన్ను తినమని తెచ్చిచ్చిన మొట్టమొదటిది, మీకు పెట్టకుండా నోట్లో ఎలా పెట్టుకోను’ అంది. ఆ అబ్బాయి పేరు థావిన్ అట.”