ఐదో ఓటు

"ఆ ఫోటో పాఠంలోంచి తీసేస్తారా, మిమ్మల్ని బళ్లోంచి తీసేయమంటారా?" అన్నాడు స్కూలు బోర్డు చైర్మన్ డెల్బర్ట్ హాగన్, మైకు ముందు నిలబడ్డ టీచర్ రోవీనాతో.

"అది చరిత్ర టీచర్ల కోసం పెట్టిన వెబ్‌సైట్‌లో ఉందండీ. 1935లో మన ఊరి కోర్టు ముందే తీశారు. మన పిల్లలకు మనం చూపించకపోతే ఎవరు చూపిస్తారు?"

"మీకిచ్చిన మూడు నిమిషాల్లో రెండయిపోయాయి."

రోవీనా ఇక వాదించలేదు. ఫోటోను తెర మీద వేసింది. చెట్టుకు వేలాడుతున్న నల్లజాతి కుర్రాడు. విచారణ లేదు, తీర్పు లేదు. కింద వందమంది ఊరి తెల్లవాళ్లు, టోపీలు సర్దుకుని, తిరునాళ్లకు వచ్చినట్టు నవ్వుతూ కెమెరాకేసి చూస్తున్నారు.

హాల్లో అందరూ మెడలు చాచి చూశారు. తెర మీదా అవే చెవులు, అవే గడ్డాలు, కుర్చీల్లోనూ అవే. ఎవరు ఎవరిని చూస్తున్నారో తెలియలేదు.

"ఆపండి మేడమ్! పిల్లలు జడుసుకోరూ?" అని అరిచాడు హాగన్.

"జడుసుకోలేదండీ. తమ తాతలు ఎక్కడున్నారా అని వెతికారు."

హాగన్ ముఖం కందగడ్డయింది. అప్పటికప్పుడే ఓటింగు పెట్టాడు. ఫోటో తీసేయాలని అతనితో కలిపి ఇద్దరు, ఉంచాలని ఇద్దరు. ఇక మిగిలింది ఐదో సభ్యురాలు మిస్ వెర్లీన్. ఎనభై దాటిన మనిషి. చర్చిలో మూడు తరాల పిల్లలకు బైబిల్ కథలు చెప్పింది. ఊళ్లో ఆమె మాటకు పాస్టరు మాటకన్నా బరువెక్కువ. ఫోటో పడ్డప్పటినుంచీ ఆమె రెప్ప వేయలేదు. తన ఉద్యోగం ఆ ముసలావిడ నోట్లో ఉందని రోవీనాకు తెలుసు.

"ఉండనివ్వండి. పిల్లలు చూడాలి," అంది మిస్ వెర్లీన్ మెల్లగా.

రోవీనాకు ఏడుపొచ్చేసింది. సభ ముగియగానే వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మీ మేలు మరిచిపోనండీ. ఈ వయసులో ఎంత ధైర్యం చేశారు!"

"ధైర్యమేముంది తల్లీ ఇందులో?" మిస్ వెర్లీన్ ఇంకా తెరకేసే చూస్తూ మురిపెంగా నవ్వింది. "అప్పట్లో ఈ ఫోటోనే పోస్టుకార్డులుగా వేసి అమ్మారు. మా ఇంట్లోది వెలిసిపోయింది. కాస్త పెద్ద సైజులో ఒకటి తీసిపెట్టు, భోజనాల గదిలో పెట్టుకుంటాను."