ఈ ఊరికేం తక్కువ

అద్దెకు చూడటానికొచ్చిన ఇంటి వంటగదిలో కొళాయి తిప్పి, పెదవి విరిచాడు ప్లంబరు. "ఈ ఊరి నీళ్లకే ప్రెషర్ లేదు. ఇంకో ఊరు చూద్దాం."

"పోయిన ఊళ్లో ప్రెషర్ బాగుంటే బడి దూరమన్నావు. అంతకుముందు ఊళ్లో బడి పక్కనే ఉంటే గోల అన్నావు," అంది భార్య. "పిల్ల పెళ్లీడుకొచ్చేలోగా నీకో ఊరు నచ్చుతుందా?"

"దాని కోసమేగా ఈ తిరుగుడంతా," విసుక్కున్నాడు.

పిల్ల గుమ్మం బయటే నిలబడి ఉంది.

"ఎలాగూ వచ్చాంగా, లోపలికి రామ్మా, నీ గది చూద్దువుగాని," పిలిచాడు.

"బూట్లు విప్పాలి నాన్నా. ఎందుకులే, నువ్వు కొళాయి తిప్పేశావుగా. ఇక వెళ్లిపోతాంగా."

అతను తన కాళ్ల వంక చూసుకున్నాడు. వంటగదిదాకా బూట్లతోనే వచ్చేశాడు.

కొళాయి కట్టేసి, గుమ్మంలో పిల్ల పక్కన కూర్చుని, ముందు తన లేసులు విప్పుకున్నాడు.