గారు లేనోళ్ళు

"ప్రభువా, ఇంజనీరు ప్రకాశరావు గారి పంటి నొప్పి నీకు తెలుసు. వారిని ముట్టి స్వస్థపరచు. కాంట్రాక్టరు గారి అల్లుడు గారి విమాన ప్రయాణంలో నీవే తోడుండు. అలాగే, మన రూతు గుండె ఆపరేషను కూడా కాస్త చూసుకో. ఆమేన్."

రాజోలు చర్చిలో సంఘ పెద్ద దీవెనరావు మాస్టారు ప్రార్థన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. గుమ్మం దగ్గరే భార్య లిడియా పట్టుకుంది.

"పంటి నొప్పికి గారు పెట్టి, గుండెకి పెట్టలేదేంటండీ? చర్చి ఊడిస్తే మాత్రం, రూతమ్మ మీకంటే పదేళ్ళు పెద్దది కదా!"

"గబగబా చదివేటప్పుడు అన్నీ ఎక్కడ గుర్తుంటాయే?"

వెనకే చీపురుతో రూతమ్మ నిలబడి ఉంది. మాస్టారు నాలిక్కరుచుకున్నారు.

"ఏమీ అనుకోకు రూతూ."

"అయ్యో, నేనెందుకనుకుంటానండీ? దేవుణ్ణి కూడా నీవు అనే అన్నారు కదండీ. గారు లేనోళ్ళం ఆయనా, నేనూ. ఇంజనీరు గారినే పరాయోడిలా దూరం పెట్టేసేరు, పాపం. ఆయనకీ ఓసారి గారు తీసేసి ప్రార్థన చెయ్యండి, నొప్పి తగ్గుద్ది."

కారెక్కబోతున్న ఇంజనీరు గారు దవడ పట్టుకుని వెనక్కొచ్చేరు.

"ఆయ్, తీసెయ్యండి మాస్టారూ."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, మన ప్రకాశరావు..." అని ఆగేరు. ఒక కన్ను తెరిచి ఇంజనీరు గారి మొహం చూసేరు.

"...గారు" అన్నారు మెల్లిగా.

ఎల్లుండి గుండె కోయించుకోబోయే మనిషి పగలబడి నవ్వింది. మూసి ఉన్న ఆ రెండో కన్ను తెరవడానికి మాస్టారికి మొహం చెల్లలేదు.